ఫెయిలవడం చేతకాని ఫిరంగి

పిండిమర ఫిరంగి ఇంట్లో రహస్యమంటూ ఏదీ నిలిచేది కాదు. భార్య ఆయనకు ఒక మాట చెప్పాలంటే వీధి మొత్తానికీ చెప్పాల్సి వచ్చేది. నీళ్ల మోటారు మళ్లీ మొరాయించిన సంగతి, ఆమె తమ్ముడికి కుదిరిన సంబంధం చెడిపోయిన సంగతి, ఈయన బనియన్లు చిల్లులు పడ్డ సంగతి అన్నీ ఆయనకంటే ముందు పక్కింటివాళ్లకు తెలిసేవి. ఎదురింటి దర్జీ ఒకరోజు బనియన్ల ప్యాకెట్టు పట్టుకొచ్చి, "సైజు చూసుకోండి మామయ్యా, చాలకపోతే మార్చుకొస్తా" అన్నాడు. అతన్ని ఎవరూ తెమ్మనలేదు. పొద్దున్నే చెవినపడింది, సాయంత్రానికి తెచ్చాడు.

ఫిరంగి అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. మీసాలు సరిగ్గా రాకముందే సైన్యంలో చేరి, ఫిరంగి దళంలో పెద్ద గన్నుకు గుండ్లు ఎక్కించే పనితో మొదలుపెట్టి, చివరికి ఆ గన్నుకూ దాని మనుషులకూ పెద్ద అయ్యాడాయన. సర్వీసు ముగిశాక కొన్నేళ్లు రిజర్వులో ఉన్నాడు. రిజర్వంటే ఇంటి దగ్గరే ఉండొచ్చు గానీ, పిలుపు వస్తే పెట్టె సర్దుకుని వెళ్లాలి. పిలిచినప్పుడల్లా వెళ్లాడు. వెళ్లిన ప్రతిసారీ అదే రకం గన్ను పక్కన నిలబడి, అదే మోత మోగించి వచ్చాడు. రిజర్వు కూడా తీరాక పెన్షనుతో, పాడైపోయిన రెండు చెవులతో ఇంటికి చేరాడు. పెన్షను సంగతి కాగితాల్లో ఉంది. చెవుల సంగతి ఎక్కడా లేదు.

పూర్తి చెముడు కాదు. లారీ వస్తే తెలిసేది, తలుపు దభీమంటే ఉలిక్కిపడేవాడు. సన్నని శబ్దాలే ఆయన్ని వదిలిపెట్టి వెళ్లిపోయాయి. ఫోను మోత, కుక్కరు కూత, పిల్లల గొంతులు, ఆడవాళ్ల గొంతులు. భార్య సిటీ బస్సులో కండక్టరు. నిండు బస్సులో వెనక మెట్టు మీద వేలాడేవాడు కూడా ఆమె ఒక్క కేకతో లోపలికి జరిగేవాడు. ఇంట్లో మాత్రం అదే కేక రెండుసార్లు వేస్తే గానీ ఈయన పేపరు మీంచి తలెత్తేవాడు కాదు.

అయినా ఆయన తనను తాను చెవిటివాణ్ననుకోలేదు. దానికి కారణముంది. గన్ను పేలుతున్నప్పుడు పక్కనున్నవాడు ఏమన్నా ఎవరికీ వినపడదు. అక్కడ అందరూ ఒకరి పెదాలు ఒకరు చూసుకుంటూ పని చేస్తారు. ఏళ్ల తరబడి చూసి చూసి ఫిరంగికి పెదాలు చదవడం ఊపిరి పీల్చినంత తేలికైపోయింది. ఎదుటివాడి మొహం కనపడితే చాలు, మాట చెవిలో పడ్డట్టే ఉండేది. చెవులు ఎప్పుడు తప్పుకున్నాయో, కళ్లు ఎప్పుడు ఆ డ్యూటీ ఎక్కాయో ఆయనకే తెలియదు.

తెలిసిన రోజున కూడా పైకి చెప్పలేదు. ఏటా జరిగే వైద్య పరీక్షలో వినికిడి తగ్గిందని రాశారంటే మనిషిని గన్ను దగ్గర్నుంచి లేపి ఏ స్టోర్లోనో దుప్పట్లు లెక్కపెట్టడానికి కూర్చోబెడతారు. ఆ దుప్పట్లంటే ఆయనకు శత్రువుకంటే భయం. అందుకని పరీక్షకు ముందు గదిని ఒకసారి కలియజూసేవాడు. డాక్టరు పక్కనుంచి గుసగుసగా అంకెలు చెప్పి, తిరిగి చెప్పమనేవాడు. ఈయన కిటికీ అద్దంలో డాక్టరు నోరు చూసి అప్పజెప్పేవాడు. కిటికీ లేకపోతే మందుల బీరువా అద్దం. అదీ లేకపోతే తలెత్తి బల్బు వైపు చూస్తున్నట్టు నటిస్తూ కంటి చివరి నుంచి. "ఎలా ఉన్నావు?" అని అడగ్గానే, "ఫిట్ సార్" అని గోడ అదిరేలా చెప్పేవాడు. తన సర్వీసులో ఒక్క పరీక్ష తప్పలేదన్నది ఆయన గొప్ప. ఆ మాట ఇప్పటికీ పిండిమర దగ్గర కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెబుతాడు.

పిండిమర ఆయనకు భలే కుదిరింది. మర తిరుగుతుంటే అక్కడికొచ్చిన అందరూ చెవిటివాళ్లే. గిరాకీలు గొంతు చించుకుంటుంటే, ఈయన ఒకసారి మొహం చూసి, "సన్నగా పట్టమంటావు, అంతేగా" అనేవాడు. అందరికంటే బాగా వినపడేది తనకేనని ఆయన ధీమా. మోత మాటున ఇద్దరు ఆడవాళ్లు అత్తల గురించి చెప్పుకుంటే అవి కూడా ఈయనకు చేరేవి. ఎవరికీ చెప్పేవాడు కాదనుకోండి, కానీ పిండి తూచేటప్పుడు చిన్నగా నవ్వుకునేవాడు.

ఇలా సాగుతుండగా కండక్టరమ్మ గొంతు పోయింది. ముందు బొంగురుపోయింది, తర్వాత చీలింది, ఆ తర్వాత ఒక ఉదయం "డిపోకి వెళ్తున్నా" అనబోతే గాలి మాత్రమే వచ్చింది. గొంతు డాక్టరు దగ్గరికి ఇద్దరూ వెళ్లారు. ఆయన లోపలికి గొట్టం పెట్టి చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"బస్సులో రోజూ ఎంతమంది మీద అరుస్తారమ్మా?"

"బస్సు నిండా" అని ఆమె గుసగుసగా చెప్పింది.

"ఇంట్లో?"

ఆమె మొగుడి వైపు వేలు చూపించింది.

డాక్టరు ఫిరంగిని పైనుంచి కిందిదాకా చూసి, "బస్సు వల్ల ఇంత పాడవదు" అని నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు. గొంతు తీగల మీద కాయలు కాశాయి, ఇప్పుడే ఆపితే కరుగుతాయి, ఆపకపోతే గొంతు పోతుంది, గొంతు పోతే ఉద్యోగమూ పోతుంది అని విడమరిచి చెప్పాడు. "కొన్ని నెలలు అరవకూడదు. బస్సుకు సెలవు పెడితే అక్కడి అరుపులు ఆగుతాయి. ఈయనకు సెలవు పెట్టలేం కదా. ఈయనకు చెవులు తెప్పించండి."

అరవడం మానడమంటే అనుకున్నంత తేలిక కాదు. ఎదురుగా కూర్చుంటే పెదాలు కదిపినా సరిపోయేది. కానీ మొగుడూ పెళ్లాలు రోజంతా ఎదురెదురుగా కూర్చుంటారా? ఆమె వంటింట్లో ఉంటుంది, ఆయన ముందు గదిలో ఉంటాడు. చేతిలో గరిటె ఉండగా, "ఏమయ్యా" అని నోరు తనంతట తనే అరిచేస్తుంది. అరిచాక గొంతు పట్టుకుంటుంది. దాంతో రకరకాల ఉపాయాలు పన్నింది. ముందు గది లైటు స్విచ్చి వంటింటి గోడకే ఉండటంతో ఒకసారి ఆర్పి వెలిగిస్తే రమ్మని, రెండుసార్లయితే భోజనమని, ఆపకుండా ఆర్పి వెలిగిస్తే కోపమని అర్థం. నాలుగో రోజుకి కరెంటు మెకానిక్ ఎవరూ పిలవకుండానే వచ్చి, "మీ లైను లూజుగా ఉందంటున్నారు వీధిలో" అని నిచ్చెన వేశాడు. తర్వాత ఆమె ఉల్లిపాయలు విసరడం మొదలుపెట్టింది. గురి బాగానే ఉండేది. ఫిరంగి పట్టుకునేవాడు కూడా. కానీ రోజూ కూరకు ఉల్లిపాయలు దెబ్బలు తినే వస్తున్నాయని ఆమే విసుగుపడి మానేసింది.

మళ్లీ అరుపులకే వచ్చింది.

"చెవి మిషను కొనుక్కో" అంది ఒక సాయంత్రం, ఎదురుగా కూర్చుని, గొంతు లేకుండా పెదాలతో.

"కొన్నాంగా ఒకటి, బజారులో. అది చెవిలో కీచుమంటే పక్కింటి కుక్క మొరిగింది."

"మంచిది కొనుక్కో."

"నేనెందుకు కొనాలి? గన్ను వాళ్లది, గుండు వాళ్లది, హుకుం వాళ్లది. చెవులు మాత్రం నా జేబులోంచా?"

"మరి వాళ్లనే అడుగు."

మర్నాడు మరకు తాళం వేసి సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లాడు.

ఆ ఆఫీసు వరండాలో ఒక బల్ల ముందు రూల్సన్న కూర్చుంటాడు. సైన్యంలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. తన పెన్షను పని మీద వచ్చినప్పుడు పక్కవాడికి ఒక అప్లికేషను రాసిపెట్టాడట. అప్పటి నుంచి ఇంటికి వెళ్లడం మరిచిపోయాడని వాళ్లావిడ అంటుంది. ఆయన అంతా విని, కళ్లజోడు తుడుచుకున్నాడు.

"సర్వీసులో పోయిన చెవులకు సర్కారే బాధ్యత తమ్ముడూ. మామూలు పెన్షను కాకుండా వైకల్యపు భాగం వేరే ఇస్తారు. అది అటుంచు. మిలిటరీ ఆసుపత్రిలో రెండు చెవులకూ మంచి మిషన్లు కొలతలు తీసి పెడతారు. పాడైతే బాగుచేస్తారు, బతికున్నంత కాలం. మెడికల్ బోర్డు ముందు నిలబడి, నీకు వినపడదని తేలాలి. అంతే."

"అంతేనా?"

"అంతే. చేసేదేమీ లేదు. వెళ్లి ఫెయిలైపో."

బోర్డు రోజున ఫిరంగి నున్నగా గడ్డం గీసుకున్నాడు. బూట్లలో మొహం కనపడేదాకా పాలిష్ పెట్టాడు. లోపల తెల్ల కోటు వేసుకున్న కుర్ర డాక్టరు, "ఎలా ఉన్నారు?" అన్నాడు.

ఫిరంగి మడమలు రెండూ టక్కున కలిశాయి. "ఫిట్ సార్."

గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకు డొప్పలు తగిలించారు. శబ్దం వినపడితే వేలెత్తమన్నారు. ఎదురుగా అద్దం. అద్దం అవతల మిషను ముందు కూర్చున్న అమ్మాయి మీట నొక్కినప్పుడల్లా ఆమె కుడి భుజం రవ్వంత కదులుతోంది. ఫిరంగి అది మొదటి క్షణంలోనే పట్టేశాడు. ఆ తర్వాత ఆయన మనసులో బోర్డు లేదు, భార్య గొంతు లేదు. పరీక్ష ఒక్కటే ఉంది. భుజం కదలడం, వేలు లేవడం. ఒక్కటి కూడా పోనివ్వలేదు.

ఇంటికొచ్చి గుమ్మంలోనే చెప్పాడు. "పాసయ్యాను. ఒక్కటి తప్పితే ఒట్టు. ఈ వయసులో ఇంత శుభ్రమైన చెవులు చూడలేదన్నాడు డాక్టరు."

కండక్టరమ్మ చేతిలో చిక్కుడుకాయలున్నాయి. వాటిని పళ్లెంలో పెట్టి, పళ్లెం కింద పెట్టి, ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. తర్వాత ఆమె అన్న మాటలు గొంతుతో అన్నవి కావు కాబట్టి వీధికి తెలియలేదు. ఫిరంగికి మాత్రం ఒక్క ముక్క పోకుండా తెలిశాయి.

రూల్సన్న సంగతి విని చాలాసేపు బల్ల మీద తల ఆన్చుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో భుజాలు మాత్రం కదిలాయి.

"తమ్ముడూ, నేను చాలామందిని చూశా. లేని రోగం ఉందని చెప్పుకునేవాళ్లని పట్టుకోడానికే ఆ బోర్డు పెట్టారు. ఉన్న రోగాన్ని దాచుకుని పోయినవాణ్ని ఇదే చూడటం."

"వేలు దానంతటదే లేచిందన్నా."

"కట్టేసుకోవాల్సింది. సరే, అప్పీలు రాస్తా. ఈసారి పెద్ద బోర్డు. నీకు నటించమని చెప్పడం లేదు, అది తప్పు, దొరికిపోతావు కూడా. చూడకు అంటున్నా. కళ్లు మూసుకో. చెవులు ఏం చెబితే అదే చెప్పు."

ఇంట్లో రిహార్సల్సు మొదలయ్యాయి. రూల్సన్న డాక్టరు వేషం, కండక్టరమ్మ ప్రేక్షకురాలు. ఫిరంగిని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టారు. రూల్సన్న వెనకనుంచి చెంచాతో గ్లాసు మీద కొట్టాడు. ఫిరంగి తల తిప్పి చూశాడు.

"వెనక్కి చూడొద్దన్నానా?"

"ఊరికే ఎలా ఉంటానన్నా. వెనక ఏం జరుగుతోందో తెలియొద్దూ?"

కళ్లు మూసుకోమంటే ఒక కన్ను తెరిచేవాడు. రెండు కళ్లకూ తువ్వాలు కడితే, గ్లాసు కొట్టకముందే వేలెత్తేవాడు. ఎందుకెత్తావంటే, "ఈపాటికి కొట్టి ఉంటారనుకున్నా" అనేవాడు. "వినపడలేదు సార్" అని పలకడం నేర్పబోయారు. ఆ రెండు మాటలూ ఆయన నోట్లోంచి దొంగసరుకు బయటికి తెచ్చినట్టు వచ్చాయి, చెవుల తమ్మెలు ఎర్రబడ్డాయి.

"ఆ మాట అంటే ఏమవుతుందయ్యా నీకు?" అని రూల్సన్న విసుక్కున్నాడు. "ఇప్పుడు నిన్నెవడు తీసుకుపోయి దుప్పట్లు లెక్కపెట్టిస్తాడు?"

రూల్సన్న వెళ్లిపోయాక ఫిరంగి తువ్వాలు మళ్లీ తనే కట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ కట్టుకోమనలేదు, ఎవరూ చూడటం లేదు. కాసేపలాగే ఉన్నాడు. ఇంట్లో ఉన్న గడియారం, కుళాయి, భార్య అడుగులు ఒకటీ లేవు. ఎక్కడో లారీ ఒకటి పోయింది. అంతే. కళ్లు లేకపోతే తన ఇల్లు ఎంత ఖాళీగా ఉంటుందో ఆయన అంతకుముందు ఎప్పుడూ చూసుకోలేదు. తువ్వాలు తీసేసి, గబగబా వంటింట్లోకి వెళ్లి ఆమె ఉందో లేదో చూసొచ్చాడు.

పెద్ద బోర్డుకు వారం ముందు ఒక ప్రమాదం తప్పింది. మరకు బెల్టు మారుస్తూ ఫిరంగి దాని మీదికి వంగి ఉండగా, ఎవరో కుర్రాడు తెలియక స్విచ్చి వేయబోయాడు. అప్పుడే భోజనం తెచ్చిన కండక్టరమ్మ చూసి ఒక్క అరుపు అరిచింది. మూతి దగ్గరికొచ్చిన ముద్దతో దర్జీ వీధి అవతల ఆగిపోయాడు, కుర్రాడు ఆగిపోయాడు, ఫిరంగి మాత్రం తాపీగా బెల్టు బిగించుకున్నాడు. మొగుడు దక్కాడు గానీ, కొద్దిగా మెరుగవుతున్న గొంతు పూర్తిగా పోయింది. గొంతు డాక్టరు ఈసారి నవ్వలేదు. "ఇంకొక్క అరుపు అరిస్తే ఇక నా దగ్గరికి రావద్దు. రెండు వారాలు గుసగుస కూడా వద్దు" అన్నాడు.

అందుకని పెద్ద బోర్డుకు ఫిరంగి వెంట ఆమె కూడా వెళ్లింది, నోటికి తాళం వేసుకుని.

బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో తల నెరిసిన మేడమ్, బోర్డు పెద్ద. చాలా ఏళ్లు సైనికుల ఒళ్లు చూసిన డాక్టరు. ముందున్న ఫైలు తిప్పింది.

"ఏటా పరీక్షలో వినికిడి బాగుందనే ఉంది. రిజర్వులో పిలిచినప్పుడూ అంతే. మొన్నటి బోర్డులోనూ అంతే. ఇప్పుడు వినపడదని అప్పీలు. ఏది నిజమండీ?"

ఫిరంగి నిటారుగా నిలబడ్డాడు.

పక్కనున్న డాక్టరు అందుకున్నాడు. "పిండిమర నడుపుతున్నారు కదా. ఒకవేళ చెవులు పాడయినా, ఆ మోతకే పాడై ఉండొచ్చు. సర్వీసులో పోయాయని ఎలా ఒప్పుకుంటాం?"

ఇది న్యాయమైన ప్రశ్నే. అప్పీలు అక్కడితో ఆగిపోయేలా ఉంది. మేడమ్ కండక్టరమ్మ వైపు తిరిగింది. "మీరేమైనా చెబుతారామ్మా?"

కండక్టరమ్మ గొంతు మీద చెయ్యి వేసుకుని తల అడ్డంగా ఊపింది. మేడమ్ అర్థం చేసుకుని కాగితం, పెన్ను ముందుకు జరిపింది. కండక్టరమ్మ పెన్ను అందుకుంది. రాయబోయి ఆగింది. మొగుడి వైపొకసారి చూసింది. పెన్ను బల్ల మీద పెట్టేసి, కుర్చీ ఆయన వైపు తిప్పుకుని, పెదాలు కదపడం మొదలుపెట్టింది. నువ్వు చెప్పు అన్నట్టు గడ్డంతో బోర్డు వైపు చూపించింది.

ఫిరంగి అలవాటు ప్రకారం అందుకున్నాడు. "పెళ్లయిన కొత్తల్లో ఈయన ఎప్పుడూ నా మొహమే చూస్తూ ఉండేవాడు, అంటోంది మేడమ్. నీళ్లిచ్చినా మొహమే, బట్టలారేస్తున్నా మొహమే. నేనెంత సిగ్గుపడేదాన్నో. మా అక్కచెల్లెళ్లందరికీ కుళ్లు. ఇంత ప్రేమగల మొగుడు ఎక్కడ దొరికాడే అని..." ఆయన ఆగాడు. "ఇదంతా ఇక్కడ ఎందుకే?"

"చెప్పనివ్వండి" అంది మేడమ్. ఫైలు మూసేసింది.

"ఒకరోజు పొద్దుగూకాక కరెంటు పోయింది. చీకట్లో పలకరించాను. పలకలేదు. మళ్లీ పలకరించాను. నా పుట్టింటివాళ్ల మీద కోపమేమోనని బతిమాలాను కూడా. దీపం వెలిగించేసరికి నవ్వుతూ నా మొహం చూసి, ఏమన్నావ్ అన్నాడు. ఆరోజు తెలిసింది, ఈయన చూసేది నన్ను కాదు, నా మాటల్ని అని." ఫిరంగి గొంతు తగ్గింది. "ఎంత ఏడ్చానో... ఏడ్చావా? నాకు చెప్పలేదేం?"

కండక్టరమ్మ చేత్తో ఆ ప్రశ్నను పక్కకు తోసేసి, తర్వాతి మాట అంది.

"అప్పటికి సర్వీసులోనే ఉన్నాడు. పిండిమర చాలా ఏళ్ల తర్వాతి మాట. సెలవైపోయి వెళ్లేటప్పుడు అడిగాను, డాక్టర్లకు దొరకవా అని. అప్పుడు చెప్పాడు, ఏటా డాక్టర్లకు ఈయన..." ఫిరంగి నీళ్లు నమిలాడు. "ఏటా డాక్టర్లకు ఈయన బాగా సహకరించేవాడు, అంటోంది."

కండక్టరమ్మ చెప్పు ఆయన పాలిష్ బూటు మీద పడింది.

"మోసం చేసేవాడు" అన్నాడు ఫిరంగి. "కిటికీ అద్దంలో, బీరువా అద్దంలో మీ నోళ్లు చూసి అంకెలు చెప్పేవాడు. మొన్నటి బోర్డులో ఆ అమ్మాయి భుజం చూసి వేలెత్తాడు. అన్నీ నిజమే మేడమ్. గన్ను దగ్గర్నుంచి తీసేస్తారని భయం. మొన్న మాత్రం ఏ భయమూ లేదు. ఎందుకెత్తానో నాకే తెలియదు."

గదిలో ముగ్గురు డాక్టర్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేడమ్ ముందుకు వంగింది.

"ఒక్కటి అడుగుతాను. మీ ఆవిడ చెప్పింది మీకు వినపడిందా?"

"వినపడింది మేడమ్. మెల్లగా అంటోంది గానీ, వినపడుతూనే ఉంది."

"ఆమె నోటి నుంచి గాలి కూడా రాలేదండీ. ఈ గదిలో మేం ముగ్గురం ఒక్క ముక్క వినలేదు."

ఫిరంగి భార్య వైపు తిరిగాడు. "అస్సలు రావడం లేదా?"

ఆమె తల ఊపింది.

"ఈ వారమంతానా? నాకేమో ఎప్పట్లాగే ఉంది."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. ఇన్నాళ్లూ ఆమె గొంతని తను అనుకున్నదేదో తన కళ్లు అల్లిపెట్టినదే. అసలు గొంతు పోతే పోయిన సంగతి కూడా తనకు తెలియలేదు. పక్క డాక్టరు పిండిమర గురించి మరో మాట ఎత్తలేదు. మేడమ్ లేచి, "రండి, పరీక్ష నేనే చేస్తాను" అంది.

ఈసారి కుర్చీని గోడ వైపు తిప్పారు. అద్దం లేదు, మనిషి లేదు, తెల్ల సున్నం వేసిన గోడ ఒక్కటే. చెవుల మీద డొప్పలు. ఫిరంగి కళ్లు మూసుకోలేదు గానీ గోడ మీంచి చూపు కదపలేదు. ఒకసారి లోతుగా బొయ్ మంది, వేలెత్తాడు. ఆ తర్వాత ఏమీ లేదు. మొన్నటి పరీక్ష తీరును బట్టి ఎంతెంత సేపటికి శబ్దం వస్తుందో ఆయనకు అంచనా తెలుసు. ఇప్పుడొచ్చి ఉంటుంది అనిపించింది. వేలు కొస జిల పెట్టింది. ఎత్తితే పాసు. ఎడమ చేత్తో కుడి చేతిని మోకాలి మీద అదిమి పట్టుకున్నాడు. మళ్లీ ఇప్పుడొచ్చి ఉంటుంది అనిపించింది. ఎత్తలేదు. మళ్లీ, మళ్లీ. మెడ మీద చెమట పట్టింది. ఫిరంగి మోయడం ఇంతకంటే తేలిక.

చాలాసేపటికి మేడమ్ ముందుకొచ్చి నిలబడింది. ఆయన డొప్పలు కొంచెం ఎత్తి అడిగాడు.

"మొదలుపెడతారా మేడమ్?"

"అయిపోయిందండీ."

బోర్డు నిర్ణయం పోస్టులో వచ్చేదాకా రూల్సన్న ఉండబట్టలేక, ఆఫీసులో కనుక్కుని తనే ఇంటికొచ్చి చెప్పాడు. చెవులు సర్వీసులోనే పోయాయని ఒప్పుకున్నారు. వైకల్యపు పెన్షను వస్తుంది, రెండు చెవులకూ మిషన్లు వస్తాయి. "ఫెయిలయ్యావు తమ్ముడూ" అని ఫిరంగి చెయ్యి పట్టుకుని ఊపాడు. ఫిరంగికి ఆ మాట ఇంకా కొంచెం గుచ్చుకుంది. అయినా నవ్వాడు.

మిషన్లు పెట్టిన మొదటి రోజు ఆయన ఇంట్లో ప్రతి వస్తువు దగ్గరా ఆగాడు. కుళాయి తిప్పాడు, కట్టాడు. పేపరు మడతపెడితే ఇంత చప్పుడా అని మళ్లీ విప్పాడు. పిండిమర దగ్గర మాత్రం మిషన్లు తీసి జేబులో వేసుకున్నాడు. ఒక్కసారి పెట్టుకుని మర స్విచ్చి వేసి, ఇన్నేళ్లూ గిరాకీలు దీన్నెలా భరించారని హడలిపోయాడు.

కండక్టరమ్మ గొంతు మెల్లగా తేరుకుంది. గొంతు డాక్టరు చూసి, కాయలు కరిగాయి, వచ్చే నెల డ్యూటీలో చేరొచ్చు, కానీ ఇక ఇంట్లో మామూలు గొంతే అని రాసిచ్చాడు. ఆ మామూలు గొంతు సన్నగా, కాస్త బెరుకుగా ఉంది. తనకు అలాంటి గొంతు ఉన్నట్టు ఆమెకే గుర్తు లేదు.

ఆ సాయంత్రం ఆమె వంటింట్లో పొయ్యి వైపు తిరిగి నిలబడి ఉంది. ఫిరంగి ముందు గదిలో వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. గోడ అడ్డం.

"ఏమయ్యా" అంది ఆమె, పొయ్యితో చెప్పినట్టు.

"ఊఁ."

గరిటె ఆగింది.

"వినపడిందా?"

"నువ్వు ముక్కు ఎగబీల్చుకోవడం కూడా వినపడింది."

ఆమె మళ్లీ గరిటె తిప్పింది. "అయితే ఒక మాట చెప్పాలి నీకు. చాలా రోజులైంది. అరిచి చెప్పే మాట కాదు, ఎదురుగా కూర్చోబెట్టి చెబితే నువ్వు నా మొహం చూసి ముందే గొడవ పెట్టుకుంటావు. అందుకని ఉండిపోయింది."

"దేని గురించి?"

"మీ అక్క గురించి."

"ఎప్పటి మాట?"

"మన పెళ్లినాటిది."

ఫిరంగి అలవాటుగా కుర్చీ ఎత్తుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. అక్కడ ఆగి ఒక క్షణం ఆలోచించుకున్నాడు. కుర్చీ తీసుకెళ్లి మళ్లీ ముందు గదిలోనే వేసుకుని, వీధి వైపు తిరిగి, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"చెప్పు" అన్నాడు.